వాచీ మూత లోపల తేదీ

ప్రియమైన స్పానర్‌కి,

ఒరేయ్, బస్సు డిపోలో నీ గ్రీజు చేతులు కులాసానా? పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ కుట్లు మానాయి. రెండు కీమోలు లాగించేశాను. మూడోది మాత్రం వారం వాయిదా. రక్తంలో తెల్లకణాలు తగ్గాయట, డాక్టరమ్మే ఆగమంది. వాచీల కొట్టు తెరిచే ఉంది. కంగారు పడకు.

నీ సోడాబుడ్డి

ప్రియమైన సోడాబుడ్డీ,

ఆలస్యం అమృతం విషం అన్నారు, ఆ డాక్టరమ్మని గట్టిగా అడుగు. నా వాచీ ఆగిపోయింది, పంపుతున్నా. నీది తప్ప ఇంకో చెయ్యి దాని మీద పడనివ్వను.

నీ స్పానర్

ప్రియమైన స్పానర్‌కి,

మూడోది ఇంకో రెండు వారాలు జరిగింది. తెల్లకణాలూ నీలాంటివే, పిలిస్తే పలకవు! వాచీ బాగుచేసి పంపాను, గుర్రంలా పరిగెడుతోంది.

నీ సోడాబుడ్డి

ఒరేయ్ సోడాబుడ్డీ,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు. ఏదైనా సరే మూత తీసి చూడందే నాకు తోచదని తెలుసుగా. బాగుచేసిన ప్రతిసారీ మూత లోపల సూదితో తేదీ గీస్తావు. పాత తేదీలు మూడూ చీమల బారులా ఉన్నాయి. నాలుగోది గుండ్రంగా ఉంది. అవి నీ కూతురి అంకెలు. దానికి ఎక్కాలు నేర్పినవాణ్ణి, నాకు తెలియవా?

అమ్మాయికి రాసి అడిగితే నాలుగు పేజీలు వెళ్ళబోసుకుంది. తెల్లకణాలు నిక్షేపంలా ఉన్నాయట! మందెక్కాక వేళ్ళు తిమ్మిరెక్కి స్క్రూ పట్టు చిక్కడం లేదని నువ్వే ఆస్పత్రి ఎగ్గొడుతున్నావట. వేళ్ళ కోసం మనిషినే పోగొట్టుకుంటావా? నాకు భయంగా ఉందిరా. డాక్టరమ్మకి చెప్పు. లేదంటే నేనొచ్చి భుజాన వేసుకుని తీసుకెళ్తా.

స్పానర్

ప్రియమైన స్పానర్‌కి,

దొంగ దొరికాడు. డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. "తిమ్మిరని ముందే చెబితే మందు మార్చేదాన్ని కదండీ! మూడు వారాలు ఊరికే పోగొట్టారు" అని చీవాట్లు పెట్టింది. తిమ్మిరి తెప్పించే మందు తగ్గించి నిన్న మూడోది ఎక్కించారు. వేళ్ళు పూర్తిగా మునుపటిలా అవుతాయని మాత్రం మాటివ్వలేనంది. నలభై ఏళ్ళ పనిరా, భయపడ్డాను. నీతో అబద్ధమాడాను, క్షమించు.

ఇప్పుడు నా స్టూలు అమ్మాయిది. పక్కన కూర్చుని నేను విసిగిస్తున్నా. "నాన్నా, మెడ మీద ఊపిరి వదలకు" అంటోంది. నీది దాని తొలి వాచీ. ఇంకా నడుస్తోందా?

ఇంకా ఐదు కీమోలున్నాయి. ఆఖరి రోజున వాచీ పెట్టుకుని వచ్చెయ్. అమ్మాయి తేదీ కింద ఆ రోజు తేదీ నేనే గీస్తా, వంకరపోయినా సరే.

నీ సోడాబుడ్డి