రెండు బదనికలు

10 జూన్ 1979, ఆదివారం

మా మరిది శ్రీనివాస కృష్ణగిరి తోపు నుంచి వచ్చాడు. గోనె సంచి మోసుకుని నేరుగా మిద్దె ఎక్కి నా గ్రీన్‌హౌస్ ముందు గుమ్మరించాడు. మట్టి లేకుండా బతికే చెట్లంటే నీకు పిచ్చి కదా వదినా, మోపెడు తెచ్చినాను, పెంచుకో అన్నాడు. మాటలో నవ్వు ఉంది. మొహంలో లేదు.

మామిడి తోపులో చెట్ల మీద పట్టిన బదనిక అది. ఈ ఏడు కొన్ని చెట్లు కాయలేదు. బదనికే రసమంతా తాగేసిందని మా మరిది నమ్మకం. కొమ్మలతో సహా నరికిస్తున్నాడు. కాపలా రామప్పను పనిలోంచి తీసేశాడు. ఆడనే పండుకొని ఆడనే లేస్తాడు, నెత్తిన ఇంత పెరుగుతా ఉంటే వాని కండ్లు యాడ పెట్టుకున్నాడు అన్నాడు.

మా ఆయన తల వంచుకుని అన్నం తింటూనే ఉన్నారు. తోపు అన్నదమ్ములిద్దరిదీ. చూసుకునేది తమ్ముడు. ఈయనకు ఇక్కడ హోసూరులో మా అంగడే లోకం.

11 జూన్

సంచిలోది అంతా ఒకటే అనుకున్నాను. కాదు.

ఒకదానికి పట్టీల్లాంటి దళసరి ఆకులు, అటొకటి ఇటొకటి, జడ అల్లినట్టు. తెల్లటి లావు వేళ్లు. అవి బెరడును కరిచి పట్టుకున్నాయి గానీ లోపలికి దిగలేదు. నెమ్మదిగా లేపితే కింద బెరడు శుభ్రంగా ఉంది. రెండోది గుబురు. దాని మొదలు కొమ్మలోకే దిగిపోయింది. అక్కడ కొమ్మ బుడిపె కట్టింది. మామిడి ఎక్కడ అయిపోయిందో, ఇది ఎక్కడ మొదలైందో తెలియదు.

ఊరంతా రెండింటినీ బదనిక అనే అంటుంది. నేనూ అన్నాను. కానీ ఆ తెల్ల వేళ్లు నేను బెంగళూరు లాల్‌బాగ్ పూల షోలో కొన్న ఆర్కిడ్ వేళ్లలాగే ఉన్నాయి.

12 జూన్

టెస్ట్ మొదలుపెట్టాను. రెండింటినీ మామిడి కొమ్మ నుంచి వేరు చేశాను. బొగ్గులు నింపిన తొట్లలో పెట్టి పక్కపక్కనే వేలాడదీశాను. ఒకటే నీడ, ఒకే నీళ్లు. చెట్టును తాగి బతికేదైతే చెట్టు లేకుండా బతకకూడదు. అంతే.

16 జూన్

గుబురుది తల వాల్చేసింది.

24 జూన్

గుబురుది చచ్చిపోయింది. నలిపితే పొడి. జడ ఆకులదానికి వేరు చివర ఆకుపచ్చ మొన వచ్చింది.

ఆయనను పైకి పిలిచి చూపించాను. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు. అయితే రామప్పది తప్పున్నట్టా, లేనట్టా అన్నారు. నాకూ అదే తెలియడం లేదు.

1 జూలై, ఆదివారం

తోపుకు వెళ్లాం. రామప్ప ఇల్లు ఖాళీ. భార్యాభర్తలు బర్గూరు దగ్గర రాళ్ల క్వారీలో పనికి చేరారట. కొత్త మనిషి కొమ్మ మీద ఏ ఆకు కనబడినా గొడ్డలి వేస్తున్నాడు.

ఒక్కతెనే చెట్లన్నీ తిరిగాను. గుబురుది పట్టిన చెట్లు బోసిగా ఉన్నాయి. ఒక నీలం రకం మామిడి చెట్టు మీద మాత్రం మొదలు నుంచి పంగల దాకా జడ ఆకులదే ఉంది. ఆ చెట్టు కొమ్మకొమ్మకూ కాయలు వేలాడుతున్నాయి. శ్రీనివాసను అక్కడికి లాక్కుపోయి చూపించాను. నీ అద్దాల గదిలో నడిచేది వేరే, తోపులో నడిచేది వేరే వదినా అన్నాడు. తోపులోనే కదా చూపిస్తున్నాను, తల పైకెత్తి చూడు అన్నాను.

ఆయన నావైపు చూశారు. తమ్ముడి ముందు నేను అంత గట్టిగా మాట్లాడింది ఎప్పుడూ లేదు.

శ్రీనివాస తల ఎత్తాడు. ఆ ఒక్క చెట్టును ముట్టొద్దని గొడ్డలి మనిషికి చెప్పాడు.

19 డిసెంబర్

జడ ఆకులదానిలో కొత్తగా ఏమీ లేదు. అద్దాల మీద మంచు. నేను చూస్తూనే ఉన్నాను, అది పట్టించుకోవడం లేదు.

13 ఏప్రిల్ 1980

ఆకు చంకలో రెండు మొనలు. వేళ్లనుకున్నాను. వేరైతే కిందికి పోతుంది. ఇవి పైకి వస్తున్నాయి.

11 మే, మధ్యాహ్నం

విచ్చుకుంది. రెండు కాడలు. రెక్కలు పండుటాకు రంగు, వాటి మీద గోధుమ గళ్లు. నడుమ నాలుకలాంటి రేకు ఊదా. ఏ పూలోనూ ఇలాంటి కలయిక చూడలేదు. పొద్దున వాసన లేదు. ఎండ అద్దం మీదికి వచ్చేసరికి గదంతా నిండింది. ముందు పసిగట్టింది ఆయన. మెట్ల మీదే నిలబడి, ఏం వండుతున్నావు అన్నారు.

రామప్ప దీన్ని తెలిసి వదిలేశాడా, తెలియకనా? కూర్చోలేకపోతున్నాను. అడగాలి.

18 మే

బర్గూరు వెళ్లి వచ్చాం. ఒక కాడ కోసి తడిగుడ్డలో చుట్టి తీసుకుపోయాను. ఆయనా వచ్చారు. క్వారీకి వద్దంటారనుకున్నాను. అనలేదు.

రామప్ప కనుబొమల నిండా రాతి పొడి. పువ్వు చేతిలో పెడితే తిప్పి తిప్పి చూశాడు. ఇదా అమ్మా, కింద నుంచే చూసినాను ఇన్నాళ్లూ, లోపల ఈ రంగు ఉండేది తెల్దు అన్నాడు. ఎందుకు కొట్టలేదని అడిగాను. భార్య నాగరత్నం వైపు చూపించాడు. ఎండకాలం ఆ వాసన కిందనే ఆమె పడుకునేదట. దాన్ని కొడితే నేను ఈడ ఉండనని మొండికేసింది అన్నాడు. మరి ఆ గుబురుదో అన్నాను. అదీ ఇదీ ఒకటే అనుకుంటి, ఆడదీ మగదీ ఏమో అనుకుంటి అన్నాడు. నాగరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నా టెస్ట్ సంగతి అంతా చెప్పాను. అతను పువ్వును నాగరత్నం చేతికిచ్చాడు. అట్లయితే చిన్నయ్య నన్ను అనిందాంట్లో సగం నిజమే ఉండాదమ్మా అన్నాడు.

మళ్లీ తోపుకు వస్తావా అని ఆయన అడిగారు. వస్తాను సామీ, పొమ్మన్న నోరే రమ్మనాల అన్నాడు.

25 మే

శ్రీనివాసను పైకి తీసుకుపోయాను. ఒక తొట్టిలో ఎండు పుల్లలు, పక్క తొట్టిలో పువ్వు. రామప్ప మాట కూడా చెప్పాను, సగం నిజమన్నదీ, రమ్మనాలన్నదీ. తొట్టి కింద చెయ్యి పెట్టి వేళ్లన్నీ తడిమాడు. ఏం తింటాది వదినా ఇది అన్నాడు. ఏడాదిలో అతను నన్ను అడిగిన మొదటి ప్రశ్న. గాలిలో తడి, పైన పడే దుమ్ము, అంతకుమించి నాకూ తెలియదన్నాను.

భోజనానికి ఉండలేదు.

1 జూన్

రామప్ప తోపుకు వచ్చాడు. శ్రీనివాసే బర్గూరు పోయి పిలుచుకు వచ్చాడట. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పరు. ఏది కొట్టాలో ఏది ఉంచాలో నువ్వూ చెట్టెక్కి చూపించు చిన్నయ్యా, మళ్లా మాట నా మిందకి రాకూడదు అన్నాడట రామప్ప. ఎక్కాడు మా మరిది. మోకాలు గీరుకుపోయింది. సాయంత్రం మా ఇంటికి వస్తే నేను పసుపు రాస్తుంటే, పైనుంచి చూస్తే తోపు వేరేగా ఉంది వదినా అన్నాడు.

8 మార్చి 1981

నిరుటి పూలలో ఒకటి కాయ కట్టింది. ఈ పొద్దున అది పగిలింది. లోపల గింజలు లేవు. లేత పసుపు పొడి, ఊపిరి తగిలితే చాలు, లేస్తుంది. అదంతా విత్తనమేనట.

కొంచెం ఆయన భుజం మీద పడింది. దులపవద్దన్నాను. అలాగే అంగడికి పోయారు.