శిల్పి చూపు

దుర్గి, మంగళవారం రాత్రి

ఇవాళ లైటు ఆర్పాలంటే భయంగా ఉంది.

నేను రాస్తున్న మాయల నవలలో మంత్రానికి తగిన మూల్యం దొరికిందని పొద్దున ఎంత సంబరపడ్డానో. శిల్పి కళ్ళు చెక్కగానే రాతిబొమ్మకు ప్రాణం వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ అతని చూపు కొంత తగ్గిపోతుంది. కాలేజీలో నా ఫ్రెండు మేరీకి చదివి వినిపించాను.

"మొన్నటిదాకా నీ మంత్రాలన్నీ ఊరికే పనిచేసేయి. ఇప్పుడు చానా బాగుంది. ఏమే, ఈ రూలు నీకెట్టా తట్టింది?" అంది.

దానంతటదే వచ్చిందన్నాను.

సాయంత్రం షెడ్డులో నాన్న అమ్మవారి విగ్రహానికి కళ్ళు చెక్కుతున్నాడు. ఏ విగ్రహానికైనా కళ్ళు చివరి పని. ఉలి దించిన ప్రతిసారీ గీతను కళ్ళతో చూడడం లేదు, బొటనవేలితో తడుముతున్నాడు. చాలా నెలలుగా అలాగే తడుముతున్నాడని అప్పుడు తెలిసింది. ఆ రూలు నా ఊహ కాదు. రోజూ చూస్తున్నదే రాశాను.

"నాన్నా, రేపు నరసరావుపేటలో కళ్ళ డాక్టరుకు చూపిద్దాం."

"నా కళ్ళకేందే? ముందు ఈ తల్లిని కళ్ళు తెరవనీ," అని నవ్వాడు, నేను లేని వైపు తిరిగి.