డబ్బా లోపలి బొట్టు

చిక్కబళ్ళాపురం

బట్లహళ్ళి పెదనాయనకు,

నేను ఫోన్ చేస్తే పెట్టేస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. మా ప్రయోగం చెడింది మీ వల్ల కాదు.

ఆయుధపూజనాడు మీరు బొట్టు పెట్టిన ఉక్కు డబ్బాలో సన్నని తీగకు చిన్న బంగారు బిళ్ళ వేలాడుతుంటుంది. పక్కనున్న లోహం దాన్ని ఎంత మెల్లగా లాగుతుందో కొలవడం నా పని. అందుకే మూత బిగించి లోపలి గాలంతా పంపుతో తీసేస్తాం. ఎంత తీసినా కొంచెం మిగులుతుంది. ఆ మిగిలిన గాలి కణాలే బిళ్ళను అటూ ఇటూ కొట్టి వణికిస్తాయి. ఆ వణుకులో మేం కొలవాల్సిన లాగుడు కనబడకుండా పోతుంది.

పండుగ తర్వాత వణుకు బాగా పెరిగింది. లోపల ఏ తడి ఉన్నా ఆవిరై గాలిని పెంచుతుంది. మా ల్యాబ్ సార్ అందరి ముందూ, "మీ పెదనాయన కుంకుమే" అన్నారు. "నేను మూత మీదనే పెట్టినానమ్మా" అని మీరెంత చెప్పినా నేను నమ్మలేదు.

నిన్న డబ్బా విప్పాం. లోపలి గోడకు ఇంకో బొట్టు ఉంది. నూనెతో కలిపిన కుంకుమ. మీరు నీళ్ళతోనే కలుపుతారు.

పూజలన్నీ మూఢనమ్మకమనే మా సార్ గుడ్డ తీసుకుని తానే ఆ బొట్టు తుడిచారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "అంత మందం ఉక్కు గదమ్మా. మీ పెదనాయన పైన పెట్టింది లోపలికి అందుతాదో లేదో అనుకున్నా."

పైవాళ్ళకు మాత్రం 'లోపల మిగిలిన తేమ' అని రాశారు.

వచ్చే ఆయుధపూజకు తప్పకుండా రండి. బొట్టు పెట్టడానికి కాదు. మూత బిగించేదాకా సార్ చేతులు పట్టుకోవడానికి.

మీ తమ్ముడి కూతురు