పాత లైబ్రరీకి గడువు

బెంగళూరు,
ఆదివారం

అక్కకు, బావకు జ్యోతి నమస్కారాలు.

అందరూ ఎలా ఉన్నారు? మిరప తోటకు తెగులు తగిలిందని రాశావు, తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడి చలి అలవాటైంది కానీ హాస్టల్ సాంబారులోని తీపి మాత్రం కాలేదు. నువ్వు పంపిన చింతకాయ తొక్కుతోనే అన్నం తింటున్నాను. నా ఆరోగ్యం గురించి దిగులు పడకు.

ఇన్నాళ్ళు రాయనందుకు కోపగించుకోకు. భయంతో చేయి ఆడలేదు.

ఆఫీసు పని కాక ఇంకో ప్రోగ్రాము చూసుకుంటానని చెప్పాను కదా. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, లోపల రాసింది చదివి మార్చుకోవచ్చు. ఫోన్ లైను సరిగా లేని చోట్ల ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి సందేశాలు చేరుస్తుంది. మొదలుపెట్టినాయన తప్పుకొని ఆ బాధ్యత నాకు అప్పజెప్పాడు.

అది నడవాలంటే కంప్యూటర్‌లో ముందే ఉండే మరో ప్రోగ్రాము కావాలి. దాన్ని లైబ్రరీ అంటారు. దాని పాత రకంలో ఒక లోపం బయటపడింది. కావాలని మరీ పొడుగు సందేశం పంపితే, పంపినవాడు మన కంప్యూటర్‌లోకే దూరగలడు. పాతదాన్ని ఇక బాగుచేసేది లేదని దాన్ని రాసినవాళ్ళు చేతులెత్తేశారు. అందుకని, ఇకపై మా ప్రోగ్రాము కొత్త లైబ్రరీ మీదే నడుస్తుందని నేను అందరికీ ప్రకటించాను.

మర్నాడే అస్సాం కొండల నుంచి ఒక డాక్టరు రాశాడు. వాళ్ళది చిన్న దవాఖానా. ఎవరో దానమిచ్చిన పాత కంప్యూటర్ కొత్త లైబ్రరీని మోయలేదట. "వానాకాలంలో దారి తెగుతుంది. రక్తం కావాలన్నా, పాముకాటు మందు కావాలన్నా పట్నానికి కబురు పంపేది మీ ప్రోగ్రామే. మమ్మల్ని వదిలేయకండి" అని రాశాడు. అది చదువుతుంటే వాగు పొంగినప్పుడు ములకలపల్లిలో నర్సుగా నువ్వు పడే అవస్థ కళ్ళముందు కదిలింది.

మా ఆఫీసులో సత్తుపల్లి శీనన్న ఉన్నాడు కదా, ఆయనకు చూపించాను.

"ఎన్నేండ్లని మోస్తవు జ్యోతీ? గా పాతదాంట్ల బొక్క ఉన్నదని నీకు తెల్వదా? రేపు ఎవడన్న దూరి ఆ దవాఖానా కబుర్లన్ని చెరిపేస్తే?" అన్నాడు.

"అవ్ అన్నా. కానీ ఇప్పుడే వదిలేస్తే వాళ్ళు కబురెట్ల పంపుతరు?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఏంది మరి, రెండు దిక్కులా భయమే నీకు. ఏదో ఒకటి జల్దీ తేల్చు" అని వెళ్ళి, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

చివరికి మా ప్రోగ్రాము కొత్త రకంలో పాత లైబ్రరీని వదిలేశాను. పాత రకం ప్రోగ్రాములో మాత్రం, మరీ పొడుగు సందేశం లైబ్రరీ దాకా పోకుండా ముందే ఆపేలా మార్చాను. శీనన్న తెచ్చిన మిషను మీద మళ్ళీ మళ్ళీ నడిపి చూసి డాక్టరుకు పంపాను.

ఆ తర్వాత అక్కడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను మార్చినదే వాళ్ళ మిషనును చెడగొట్టిందేమో, ఈ క్షణాన అక్కడ ఎవరికి ఏ మందు అందలేదో అని తలచుకుంటూ జవాబు కోసం మాటిమాటికీ చూసుకునేదాన్ని. ఫోన్ మోగినా ఉలిక్కిపడేదాన్ని.

నిన్న జవాబు వచ్చింది. చెట్టు పడి తీగ తెగిందట. లైను కలిపాక ప్రోగ్రాము బాగానే నడిచింది. ఒక బాలింతకు రక్తం కావాలని కబురు పంపితే అందిందట. ఆఫీసు మిషన్ల గదిలో కూర్చుని ఏడ్చేశాను.

కానీ చివర ఆయన ఒక మాట అడిగాడు: "పాతదాన్ని ఎప్పుడు ఆపుతారో ముందే చెప్పండి. ఉన్నట్టుండి ఆపకండి."

అడగడం న్యాయమే. ఎన్నాళ్ళని రెండూ చూసుకోగలను? సాయంగా ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. వచ్చే ఎండాకాలమే పాతదానికి గడువు అని రాశాను. అప్పటికీ వాళ్ళకు వేరే మిషను దొరకకపోతే?

అమ్మకు, నాయినకు నా దండాలు చెప్పు. మీ దీవెన నాకు ఇప్పుడు నిజంగానే కావాలి. ఆ గడువు వాళ్ళకు చాలుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంకొక్క మాట అడుగుతాను. మీ దవాఖానాలో టీకాల ఫ్రిజ్ చెడిపోతే కొత్తది రావడానికి ఎన్నాళ్ళు పట్టింది? నన్ను ఊరడించడానికి తగ్గించి రాయకు అక్కా. ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లెలు,
జ్యోతి