మేఘమాల గొంతు

నవాగామ్, సూరత్
17 నవంబర్ 2025, సోమవారం

నరేశన్నకు,

నీ చెల్లె వినోద నమస్కారం పెట్టి రాస్తున్నది. ఇంట్ల అందరం మంచిగున్నం. నువ్వెట్లున్నవని మాత్రం అడుగుత లేను. అడిగే మనసు లేదు.

గింత చిన్న ముచ్చటకు అలుగుతదా అని పెద్దమ్మతోని అన్నవట. ఫోన్ల జవాబు చెప్దామంటే నా మాట సగం నువ్వే చెప్పేస్తవు. అందుకే రాస్తున్న. ఈసారి మొత్తం చదువు.

నాకు నత్తి అని నీకు కొత్తగ చెప్పేదేంది? దుకాణంల చక్కెర అడగాలన్నా 'చ' కాడ ఆగిపోత. కని మన దోస్తు శ్రీప్రియ ఇంట్ల, తలా ఒక పాత్రయి పాచికలేసి ఆడే మంత్రగాళ్ల ఆటల, నేను మంత్రగత్తె మేఘమాలనై మంత్రం చదివితే ఒక్క మాట గూడ అడ్డం పడకపోయేది. ఎందుకో నాకే తెల్వది. వారమంత ఆ ఆదివారం కోసమే చూసేదాన్ని.

ఆ రోజు నీ కత్తివీరుడు చావుబతుకుల మీద పరీల, అదే దేవకన్యల, దర్బార్ల పడ్డడు. ఆట నడిపేది శ్రీప్రియ గద, పరీల రాణి లెక్క అడిగింది: బతకాలంటే నీ కత్తి ఇస్తవా, నీ పేరు ఇస్తవా, మీ మంత్రగత్తె గొంతు ఇస్తవా? నువ్వు నా దిక్కన్న చూడలె. గొంతు తీస్కో, మా వినోద ఎట్లయినా మాట్లాడేది తక్కువే అన్నవు. అందరు నవ్విండ్రు. అందరికంటె గట్టిగ నువ్వు నవ్వినవు.

నేను వద్దనబోయి 'వ' కాడ ఆగిపోయిన. వరమే అంటున్నది అని నువ్వే పూర్తి చేసినవు!

తర్వాత ఆడినప్పుడల్లా మూగదాని లెక్క కూసున్న. నా సైగలకు గూడ నువ్వే అర్థం చెప్పినవు. బస్సుల గంతే, దవాఖానల గంతే, చిన్నప్పటి సంది గంతే. అది ప్రేమ అనుకుంటున్నవు. నేను ఏం చెప్పబోతున్ననో ఒక్కసారన్న ఆగి విన్నవా అన్నా? శ్రీప్రియ మీద గూడ కోపమొచ్చింది. కని ఆమె మూడు దారులు పెట్టింది. నా గొంతు ఎంచుకున్నది నువ్వు.

కోపం ఇంకా చల్లారని
నీ చెల్లె
వినోద

తా.క. నీకు తెల్వని నిజం ఒకటున్నది. నిన్న నువ్వు పాండేసర మిల్లుల డ్యూటీకి పోయినంక, నేను ఆటకు పోయిన. గొంతు వాపస్ ఇయ్యమని పరీల రాణితోని నేనే బేరమాడిన. బదులు ఏమిస్తవన్నది. మేఘమాల సాఫుగ మాట్లాడుడు తీస్కో అన్న. ఇప్పుడు మేఘమాల గూడ నా లెక్కనే ఆగుకుంట మాట్లాడుతది. నిన్నటి ఆటల ఒక కోట తలుపు తెరిచే మంత్రం నేనే చదివిన, శానసేపు పట్టింది. ఎవ్వరు నడుమ మాట అందియ్యలె. తలుపు తెరుసుకున్నది.