తొట్టి కడగొద్దు

చేపల దుకాణం అన్నగారికి నమస్కారం.

మీ దగ్గర రెండడుగుల అద్దాల తొట్టి కొన్నాయన భార్యను. దుకాణానికి వచ్చి అడగాలంటే నాకు మాట పెగలదు. అందుకే ఈయన చేత ఈ చీటీ పంపుతున్నాను. గులకరాళ్లు ఏడుసార్లు కడిగి, నీళ్లు పోసి, ఫిల్టరు పెట్టాం. ఎనిమిది చేపలు ఇచ్చి పంపగలరు.

ఆరు వారాల్లో మా అత్తయ్య వస్తున్నారు. ఆవిడ ఆసుపత్రిలో వార్డుల శుభ్రత చూసే ఉద్యోగి. మా ఇంటికొచ్చినా కిటికీ అంచు మీద వేలు రాసి చూశాకే కూర్చుంటారు. పెళ్లయి ఏడాదైనా ఆవిడ ఎదుట "ఊఁ", "సరే" తప్ప నేను మాట్లాడింది లేదు. ఈ తొట్టి చూసైనా నన్ను మెచ్చుకుంటారని ఆశ.

ఇట్లు,
తొట్టి వారి భార్య

తా.క. చేపల్ని ఎన్నాళ్లకోసారి కడగాలి?

---

చెల్లెమ్మకు,

చేపలు ఇప్పుడే ఇవ్వను. కొత్త నీళ్లలో వేస్తే వాటి మలంలోంచి పుట్టే విషమే వాటిని చంపుతుంది. ఆ విషాన్ని తినే క్రిములు ముందు ఫిల్టరు స్పాంజిలో పెరగాలి. వాటికోసం ఖాళీ తొట్టిలోనే రోజూ చిటికెడు మేత వేయి. రెండు వారాలయ్యాక సీసాలో నీళ్లు పంపు, పరీక్షిస్తాను.

ఉంటాను,
దుకాణం అన్న

తా.క. చేపల్ని కడగక్కర్లేదమ్మా. అవి ఉండేదే నీళ్లలో.

---

అన్నగారికి నమస్కారం.

రెండు వారాలుగా మేత వేస్తున్నాను. లేని చేపలకు మేత వేయడం చూసి ఈయన నా నుదురు తాకి చూశారు. సీసా పంపుతున్నాను. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూస్తే నా కష్టం మీకే తెలుస్తుంది.

ఇట్లు,
తొట్టి వారి భార్య

---

చెల్లెమ్మకు,

క్రిములు పనిచేసిన జాడే లేదు. కుళాయి నీళ్లు పట్టి పంపినట్టుంది. కరెంటు మిగులుతుందని మీ ఆయన ఫిల్టరు ఆపేస్తున్నట్టున్నారు. ఆ స్విచ్చు జోలికి పోవద్దని గట్టిగా చెప్పు.

ఉంటాను,
దుకాణం అన్న

తా.క. ఈ చీటీ ఆయన చేతే పంపుతున్నాను. దారిలో చదివితే మరీ మంచిది.

---

అన్నగారికి నమస్కారం.

దారిలోనే చదివారు. అప్పట్నుంచి ఆ గదిలో ఏ స్విచ్చూ ముట్టుకోవడం లేదు. లైటు కూడా నేనే వేయాల్సి వస్తోంది. ఆయన తప్పేమీ లేదండీ. మేత కుళ్లితే వాసన వస్తుందని, వేసిన గంటకే జల్లెడతో నేనే తీసేస్తున్నాను. అందువల్లేమో.

ఇట్లు,
తొట్టి వారి భార్య

తా.క. స్పాంజి మాత్రం అశ్రద్ధ చేయలేదు. రోజూ సబ్బు పెట్టి ఉతికి ఎండలో ఆరేస్తున్నాను.

---

చెల్లెమ్మకు,

నన్ను మన్నించమని మీ ఆయనతో చెప్పు. నేను పెంచమన్నవాటిని నువ్వు రోజూ ఉతికి ఆరేస్తున్నావు. ఆ స్పాంజి పారేసి నీళ్లన్నీ మార్చు. మా పాత తొట్టిలోంచి నల్లబడిన స్పాంజి ఒకటి పంపుతున్నాను. ముక్కు మూసుకుని అది పెట్టు. వేసిన మేత తీయకు. నేను చెప్పేదాకా ఏదీ కడగకు.

ఉంటాను,
దుకాణం అన్న

తా.క. స్పాంజి చుట్టిన కవరు కూడా.

---

అన్నగారికి నమస్కారం.

నీళ్లు బాగున్నాయి, ఇక వారానికి రెండేసి చేపలు వేయొచ్చని మీరు రాసిన రోజే అత్తయ్య దిగారు. అద్దమంతా గోధుమరంగు పొర కట్టి ఉంది. సంచి కింద పెట్టకుండానే బ్రష్షు అడిగారు. నాకెక్కడి ధైర్యమో, తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

"వద్దత్తయ్యా. కడిగితే చచ్చిపోతాయి."

"ఏం చచ్చిపోతాయే? అందులో ఏమీ లేవుగా."

"క్రిములు."

ఆవిడ స్టూలు మీద కూలబడ్డారు. స్పాంజి సంగతీ, సబ్బు సంగతీ, ఈయన స్విచ్చులకు దడిసిన సంగతీ వరసపెట్టి చెప్పాను. ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి.

"ముప్పై ఏళ్లుగా వాటిని చంపి జీతం తీసుకుంటున్నానే. పెంచేదాన్ని కోడలిగా తెచ్చుకున్నానన్నమాట" అని పడీ పడీ నవ్వారు.

నాలుగు రోజులైంది. వంట కాగానే ఇద్దరం తొట్టి ముందు స్టూళ్లేసుకుని కూర్చుంటున్నాం. ఈయన చిన్నప్పటి బండారమంతా ఇప్పుడు నా దగ్గరుంది. కిటికీ అంచులు వదిలేసి ఆవిడ ఈయన గోళ్లూ, అల్మరా, సాక్సులూ తనిఖీ చేస్తున్నారు. ఎనిమిది చేపలూ వేశాకే ఊరికి వెళతారట.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క. ఈ చీటీ మాత్రం పక్కింటి పిల్లాడి చేత పంపుతున్నాను. సాయంత్రం ఈయన వచ్చి ఎనిమిదీ ఒకేసారి ఇమ్మని బతిమాలతారు. ఇవ్వకండి. వీలైతే వారానికి ఒక్కటే ఇవ్వండి.