అన్న పెంచిన బాంక్సియా

స్వర్ణా,

గ్యాస్ కట్టేశాను. పాప రెండు రోజులు రాదని స్కూల్ బస్సు అతనికి చెప్పాను. అన్న కాగితాలన్నీ తీసుకున్నాను. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను అన్న శవపేటికతో మన ఊరికి వెళ్ళే విమానంలో ఉంటాను.

నీకు ఒక్క పని ఉంది. గేటు దగ్గర గన్నేరు కుండీల మధ్య అన్న పెంచిన ఆస్ట్రేలియా మొక్క, బాంక్సియా ఉంది. ఆకు అంచు రంపంలా, వెనక తెల్లగా ఉంటుంది, చూసి గుర్తుపట్టు. రోజూ పొద్దున్నే ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి మొదట్లో పొయ్యి. ఎరువు మాత్రం వెయ్యకు, దానికి పడదు.

తను ఇక్కడ పనిచేసే మొక్కల నర్సరీలో ఆస్ట్రేలియా సారు ఇచ్చిన కాయను అన్న నిప్పుల మీద కాల్చి, విత్తనాలు తీసి మూడు మొక్కలు మొలిపించాడు. వాటిలో రెండు నా వల్లే చచ్చిపోయాయి. మన పొలంలో అన్నిటికీ వేసినట్టు వీటికీ డీఏపీ ఎరువు వేశాను. తర్వాత చదివితే ఈ మొక్కలకు అది విషమని తెలిసింది. అన్నకు చెప్పలేదు.

"నా చెయ్యే మంచిది గాదు తమ్మీ" అని మొన్న శుక్రవారం కూడా బాధపడ్డాడు. నన్ను డిగ్రీ చదివించిన మనిషి అలా అనుకుంటూనే పోయాడు.

వదినకు నిజం చెప్తాను. ఆ మొక్క బతికినా బతకకపోయినా, మా అన్న చెయ్యి మంచిదని నువ్వు గుర్తుపెట్టుకో.